చేప పడిందని చెప్పే పెట్టె

మా అన్నకి చెవులు పోయాయని మాకు ఆసుపత్రిలో తెలియలేదు. రిజర్వాయరు గట్టు మీద తెలిసింది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అన్నకి జ్వరం వచ్చింది. మా కొండల్లో జ్వరం ఎవరికీ కొత్త కాదు. రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకుని, మూడో రోజు చేనుకి వెళ్లిపోతారు. ఇది అలా పోలేదు. నాలుగో రోజుకి మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. మలేరియా మెదడుకి ఎక్కిందన్నారు. రోడ్డుదాకా డోలీ, అక్కణ్ణించి ముంచింగిపుట్టుకి జీపు, ఆ తర్వాత అంబులెన్సులో ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం. బతకడనే అనుకున్నాం. ఇరవై రోజులకి లేచి కూర్చున్నాడు.

తిరిగొచ్చిన మనిషి సగమైపోయాడు. పిలిస్తే పలికేవాడు కాదు, ఏమడిగినా తలాడించేవాడు. నీరసం అనుకున్నాం. ఒక ఆదివారం నేను చర్చి నుంచి అటే అన్న ఇంటికి వెళ్లేసరికి అతను చూరులోంచి రీళ్లు బిగించిన గాలపు కర్రలు దించుతున్నాడు.

"బేగి రా. మబ్బట్టింది. బంగారుతీగ సేప మేతకొత్తాది" అన్నాడు నన్ను చూసి. జ్వరం తర్వాత అతని నోట నేను విన్న మొదటి పూర్తి మాట అదే. సంబరపడి వెంట నడిచాను. వదిన అంబలి గిన్నె నెత్తిన పెట్టుకుని మా వెనక వచ్చింది.

అన్న చోడిపిండి ముద్ద గాలాలకి గుచ్చి రెండు కర్రలతోనూ దూరంగా విసిరాడు. పంగల కర్రల మీద వాటిని ఆనించి, ఒక్కో కర్ర కొసకి మేకపిల్ల మెడలో కట్టే చిన్న గజ్జె తగిలించాడు. తర్వాత నీళ్లకి వీపు పెట్టి పుల్లలు విరుస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ అంతే. నీళ్లకేసి చూస్తూ కూర్చోవడం అతనికి చేతకాదు. "కళ్లు నీళ్లకిచ్చేత్తే పనెవుడు సేత్తాడు? సెవి ఇయ్యి, సాలు" అని నా చిన్నప్పుడు నేర్పింది తనే.

కాసేపటికి కుడివైపు గజ్జె ఒకసారి మోగింది. అన్న కదల్లేదు. నేనూ లేవలేదు. మొదటి మోతకి లేవకూడదు, అది చేప మూతి పెట్టి రుచి చూడడం. రెండోసారి మోగింది. మూడోసారి ఆగకుండా మోగుతూనే ఉంది. అన్న ఇంకా పుల్లలు విరుస్తున్నాడు. కర్ర పంగలోంచి లేచి, రాళ్ల మీద గీసుకుంటూ పోయి నీళ్లలో పడింది. నేను పరిగెత్తడం చూసి అప్పుడు వెనక్కి తిరిగాడు.

"గాలికి పడిపోనాదేటి?" అన్నాడు.

"గజ్జె మోగింది కదన్నా! అంతసేపు మోగింది!"

అతను నా కళ్లలోకి చూడలేదు. నా పెదాలకేసి చూశాడు. వదినకేసి తిరిగాను. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, "నాకు వారం నుంచి తెల్సు మరిదీ" అంది నెమ్మదిగా. నెమ్మదిగా అనాల్సిన అవసరం కూడా లేదు. అతనికి వినబడదు.

మా అమ్మానాన్నా పోయేసరికి నాకు ఆరేళ్లు, అన్నకి పదహారు. నన్ను ఆశ్రమ పాఠశాలలో చేర్పించి, సెలవులకి కొండ దిగి వచ్చి తీసుకెళ్లి, నేను మాస్టర్ని అయ్యేదాకా చూసింది తనే. ఉన్న కొంచెం కాఫీతోట, పోడు మీద చోళ్లు, సామలు. మిగతా కాలం చేపలు. ఒడిశా సరిహద్దు మీద ఉన్న ఆ రిజర్వాయరు మా తాతల నాడు లోయలోని ఊళ్లని ముంచిన నీళ్లు. అడుగున ఇంకా మామిడి మొద్దులు, రాతిగోడలు ఉన్నాయంటారు. ఆ గోడల పక్కనే బంగారుతీగ మేస్తుందని అన్న లెక్క. అది పైకొచ్చి మేసే చేప కాదు. పంది పొర్లినట్టు అడుగున బురద పెళ్లగించుకుంటూ తింటుంది. ఎర నోట్లో పెట్టుకుంటుంది, ఊసేస్తుంది, మళ్లీ పెట్టుకుంటుంది. దాని కదలిక కనిపెట్టాలంటే ఓపిక కావాలి. అన్నకి అది పుష్కలంగా ఉండేది.

విశాఖపట్నంలో మళ్లీ చూపించాం. డాక్టరు చెవి పక్కన ఏవేవో మోగించి, యంత్రాలు పెట్టి చూసి, నరం పోయిందన్నాడు. జ్వరంవల్ల పోయిందో, ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చిన మందువల్ల పోయిందో చెప్పలేం అన్నాడు. చెవి మిషన్ పెట్టినా లాభం ఉండదన్నాడు. అన్న మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, "సరే పదండి. బస్సు దొరకదు" అన్నాడు.

ఆ తర్వాత వదిన అతని చెవులైంది. గట్టు మీద అతని పక్కనే కూర్చుని అడ్డాకుల విస్తళ్లు కుట్టేది. గజ్జె ఒకసారి మోగితే అతని వీపు మీద వేలితో ఒక పోటు. ఆగకుండా మోగితే అరచేత్తో చరుపు. చరుపు పడగానే అన్న లేచి కర్ర అందుకునేవాడు. చూస్తుంటే ఇద్దరూ ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నట్టుండేది. చేపలు మునుపటంత పడేవి కావు గానీ, శనివారం సంతకి వదిన బుట్ట ఖాళీగా మాత్రం వెళ్లలేదు.

అలా వదిలేస్తే సరిపోయేది. కానీ అన్నకి కోపం పెరిగింది. వినబడని మనిషికి అనుమానాలెక్కువ. ఇద్దరు నవ్వుకుంటే తన గురించే అనుకునేవాడు. జీలుగు కల్లు మునుపు పండక్కి తాగేవాడు, ఇప్పుడు పొద్దున్నే కుండ దగ్గరికి పోవడం మొదలెట్టాడు. ఒకరోజు వదిన చరుపు వేయడం ఆలస్యమై చేప తప్పిపోతే, నలుగురిలో ఆమె చేతిని విసిరికొట్టాడు. ఆమె విస్తళ్లు సర్దుకుంది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నాతో మాత్రం, "నడుం పట్టేసింది మరిదీ. మిరియాలు కోసినోలు నేరు, ఆవుకి గడ్డి నేదు. గజ్జెకి కాపలా కూకోడమే నా పనైపోనాది" అంది. నవ్వుతూనే అంది. నేను ఆ మాట పట్టుకున్నాను.

చదువుకున్నవాణ్ణి కదా, దీనికేదో ఉపాయం ఉండకపోదు అనుకున్నాను.

ముందు గాలానికి నీళ్ల మీద తేలే బెండు కట్టి చూశాం. నెమలి ఈక కాడతో అన్న చేసిన బెండు మంచిదే, కానీ దగ్గరి నీళ్లకే పనికొస్తుంది. బంగారుతీగ కోసం గాలం దూరంగా, లోతులో పడాలి. అంతదూరంలో అలల మధ్య బెండు కనబడదు. కనబడినా దానికేసి చూస్తూనే ఉండాలి. తర్వాత కర్ర కొసకి ఎర్ర రిబ్బను కట్టాను. గాలికి అది రోజంతా ఊగేది. ఎండ నీళ్ల మీద పడి కొట్టే వెలుగుకి అన్న కళ్లు నీరుకారేవి. గాలం దారాన్ని, తంగూసుని, కాలి బొటనవేలికి చుట్టుకునే పాత పద్ధతి కూడా చూశాం. వేలికి చుట్టుకున్నంతసేపూ మనిషి కట్టేసిన మేకలా కూర్చోవాలి. రెండోరోజే తెంపి పారేశాడు. "ఇది సేపని పట్టడమా, నన్ను పట్టడమా?" అన్నాడు.

మాస్టర్లకి శిక్షణ అని విశాఖపట్నం పిలిచినప్పుడు, సాయంత్రం వలలూ గాలాలూ అమ్మే దుకాణాలు వెతుక్కుంటూ వెళ్లాను. ఒక దుకాణంలో ఓపికగల మనిషి దొరికాడు. సంగతంతా విన్నాడు.

"చెవిటి మనిషికి గజ్జె ఎందుకండీ, దీపం ఎందుకండీ? పట్టపగలు దీపం కనబడదు" అని లోపల్నించి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో రెండు నల్లటి పెట్టెలు. ఒకదానికి పైన పంగలాంటి గాడి ఉంది, దాంట్లో చిన్న చక్రం. "కర్రని దీని మీద ఆనిస్తారు. తంగూసు ఈ చక్రం మీదుగా పోతుంది. చేప లాగితే చక్రం తిరుగుతుంది. తిరిగితే ఈ రెండోది కొట్టుకుంటుంది. పట్టుకోండి." రెండో పెట్టె నా అరచేతిలో పెట్టి, చక్రం మీద ఒక దారం వేసి వేలెడు లాగాడు. ముడుచుకున్న పిట్ట గుండెలా అది నా చేతిలో కొట్టుకుంది.

"ఎంతదూరంలో పనిచేస్తుంది?"

"గట్టు దిగి ఇంటికెళ్లి అన్నం తింటున్నా తెలుస్తుందండి. పక్కన మనిషి ఉండక్కర్లేదు."

కొనేశాను. అన్నని అడగలేదు. వదిననీ అడగలేదు.

మొదట అది మమ్మల్ని ఏడిపించింది. మాఘమాసం మంచు మా దగ్గర పొద్దు బాగా ఎక్కేదాకా నీళ్ల మీదే ఉంటుంది. తంగూసు మీద మంచుబొట్లు కట్టి, అవి జారినప్పుడల్లా చక్రం కదిలేది. అన్న జేబులో పెట్టె కొట్టుకునేది, లేచి పరిగెత్తేవాడు, అక్కడేమీ ఉండేది కాదు. ఆవు నీళ్లు తాగడానికి దిగితే ఒకసారి, నాచు తేలుకుంటూ వచ్చి తగిలితే ఒకసారి. పదోసారికి పెట్టెని విసిరేయబోయాడు. పెట్టె అడుగున ఉన్న మీట తిప్పి, ఎంత కదిలితే చెప్పాలో పెంచాను. ఈసారి నిజం చేప వచ్చినా చెప్పలేదు.

దారికి తెచ్చింది అన్నే. దాని తత్వం ఒక పూట కూర్చుని కనిపెట్టేశాడు. కర్ర కొస పైకి ఉంటే గాలి పట్టుకుంటుందని దించేసి, తంగూసు వైపే సూటిగా పెట్టాడు. కొస దగ్గర ఒక రాయి కట్టి తంగూసుని నీళ్లలోకి ముంచాడు, గాలీ మంచూ తగలకుండా. రీలుకీ పెట్టెకీ మధ్య తంగూసు మీద వేలాడదీయడానికి దుకాణం వాడిచ్చిన ప్లాస్టిక్ గుండు మరీ తేలిక. సోడామూతలో తేనెమైనం నింపి దాని బదులు తగిలించాడు. చేప అవతలికి పోతే మూత పైకి లేస్తుంది, చేప ఇవతలికి వస్తే మూత కిందికి జారుతుంది. ఎటు పోయినా చక్రం తిరగాల్సిందే. "గజ్జెకి ఇది నేదు. సేప మనకేసొత్తే గజ్జె మూగదైపోద్ది. ఇది మేలు" అని నాకు వివరించాడు. రీలు బిగువు కూడా వదులు చేశాడు, కర్ర మళ్లీ నీళ్లపాలు కాకుండా.

ఆ మధ్యాహ్నం గట్టుకి అవతల ఎండుపుల్లలు ఏరుతూ ఉన్నవాడు ఒక్కసారిగా గుండె మీద చెయ్యేసుకుని పరిగెత్తుకొచ్చాడు. చూస్తే సోడామూత కర్రకి తగులుకుని ఉంది, రీలు తిరిగిపోతోంది. మూరెడు బంగారుతీగ. దాన్ని ఒడ్డుకి లాగి, జేబులో పెట్టె ఇంకా కొట్టుకుంటుంటే దాన్ని బయటికి తీసి, "ఇది మా గుంటడి కన్నా బేగి సెప్తంది!" అని నవ్వాడు. గుంటడంటే నేను. జ్వరం తర్వాత అతను నవ్వడం అదే మొదలు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇక నువ్వు కూర్చోనక్కర్లేదు వదినా. నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

తర్వాతి రెండు మూడు నెలలు బాగున్నాయి. అది దాచడం నాకిష్టం లేదు. అన్న కల్లు తగ్గించాడు. వదిన మిరియాలు ఎండబెట్టింది, కొండచీపుర్లు కట్టలు కట్టి అమ్మింది. గట్టుకి అన్నతోపాటే వచ్చేది గానీ, అతని పక్కన కట్టేసినట్టు ఉండేది కాదు. అడ్డాకు కోసుకునేది, ఒడ్డమ్మట పొన్నగంటికూర, నత్తలు ఏరుకునేది. ఒకసారి నన్ను చూసి, "నీ పెట్టి నాకు నడుం ఇచ్చినాది మరిదీ" అంది. పొంగిపోయాను. స్టాఫ్‌రూములో ఆ పెట్టె గురించి అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఎండలు ముదిరాయి. దిగువన కరెంటు కోసం నీళ్లు వదులుతూ ఉంటారు కాబట్టి వేసవిలో రిజర్వాయరు రోజురోజుకీ వెనక్కి పోతుంది. పోయినచోట మెత్తటి మట్టి మిగులుతుంది. పైన ఎండకి పెచ్చుకట్టి, పగుళ్లిచ్చి, గట్టి నేలలాగే ఉంటుంది. పెచ్చు కింద నడుంలోతు బురద. ఏ చోట పెచ్చు మందమో, ఏ చోట పలచనో మా ఊరివాళ్లకి కొంత తెలుసు. కొంతే. నీళ్లు ప్రతి ఏడూ ఒకేచోట ఆగవు.

ఆరోజు బళ్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక ఫోను వచ్చింది. సిగ్నలు తెగితెగి వస్తోంది. ఊరివాళ్లెవరో "మీ వదిన" అన్నారు, తెగిపోయింది. బండి వేసుకుని వెళ్లాను. నేను చేరేసరికి వదినని ఒడ్డుకి తెచ్చి పడుకోబెట్టి, మొహం మీద ఎవరిదో తువ్వాలు కప్పారు. చీర రంగు తెలియడం లేదు, ఒళ్లంతా బురద. అన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అరచేత్తో ఆ బురద తుడుస్తున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడుస్తున్నాడు. పక్కన రాళ్ల మీద ఒక పెద్ద బంగారుతీగ ఎండకి ఒళ్లు ఆరిపోయి పడి ఉంది.

ఆమెని తీసింది అవతలి ఒడ్డు మనిషి, నాటు పడవలో వలలు చూసుకుంటూ తిరిగేవాడు. జరిగింది అతనే నాకు చెప్పాడు. అన్న ఎదురుగానే చెప్పాడు.

"దూరంగా ఉన్నాను మాస్టారూ. కేక ఇనబడింది. సూత్తే నడుందాకా దిగిపోనాది. గెడ ఏసుకుంటా వత్తన్నాను, పడవేమో కదలదు. ఎంతసేపు అరిసినాదో. ఊరోల్ని పిలవనేదు, నన్ను పిలవనేదు. ఆయన సెవిటోడని తెల్సి కూడా ఆయన్నే పిలిసినాది. నాను సగం దూరం వచ్చేసరికి ఆ పక్కనున్న పాతవాగు లోతులోకి మట్టి జారిపోనాది, ఆయమ్మతో సహా."

అతను ఏడుస్తూ చెబుతున్నాడు. అన్న అతని మొహంకేసి, నా మొహంకేసి మార్చి మార్చి చూస్తున్నాడు. ఏడుస్తున్న మనిషి పెదాలు చదవడం కష్టం. కొంతసేపటికి నన్ను అడిగాడు.

"పిలిసిందా?"

నేను లేదని తల అడ్డంగా ఊపాను.

"నిజిం సెప్పు. పిలిసిందా?"

"లేదన్నా. వెంటనే జరిగిపోయింది" అన్నాను, పెదాలు బాగా కదిలేలా. పడవ మనిషి నాకేసి చూసి తల దించుకున్నాడు.

అన్న మళ్లీ బురద తుడవడం మొదలెట్టాడు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "పెట్టి కొట్టుకుంది. ఎల్లి కర్ర అట్టుకున్నాను. పెద్దది, బేగి రానేదు. ఒడ్డుకి లాగి, మీ వదినకి సూపిద్దామని తిరిగితే మనిసి నేదు. కూరట్టుకుని ఇంటికెల్లిపోనాదనుకున్నాను."

నేను చూడకూడనిది చూశాను. వదిన దిగిపోయిన చోటుకీ అన్న కూర్చునే చోటుకీ మధ్య, ఎండిన నేల మీద, తడి మట్టిముద్దలు పడి ఉన్నాయి. పది, పన్నెండు. పిడికెడేసి. వేళ్ల గుర్తులు కనబడుతున్నాయి. కేక వినబడదని తెలిసిన మనిషి చేతికందిన బురద పిసికి అతనికేసి విసిరింది. ఏదీ సగం దూరం దాటలేదు. ఆమె కింద నేల ఉంటే ఇంకా దూరం పడేవి. అన్న వీపు అటువైపు. పెట్టె జేబులో ఉంది కాబట్టి ఎటు తిరిగి కూర్చున్నా ఒకటే.

నేను వాటిని కాలితో చెదరగొట్టి ఉండాల్సింది. చెయ్యలేదు. ఆమె చేత్తో చేసిన చివరి పనిని తొక్కడానికి కాలు రాలేదు.

మర్నాడు చర్చి వెనక పాతిపెట్టాం. పాస్టరుగారు వాక్యం చదువుతుంటే అన్న శవపేటికకేసి కాక ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. అతనికి అందరి నోళ్లూ ఊరికే కదులుతున్నట్టు ఉంటాయి కదా అని నాకు అప్పుడు తట్టింది.

మూడోరోజు పొద్దున్నే నా క్వార్టరు తలుపు కొట్టాడు. కొండదారిన నడిచి వచ్చాడు, కాళ్లు మోకాళ్లదాకా దుమ్ము. లోపలికి రమ్మన్నా రాలేదు. గడపలో నిలబడి పిడికిలి తెరిచాడు. ఎండిపోయిన మట్టిముద్ద. వేళ్ల పల్లాలు అలాగే ఉన్నాయి.

"పిలవనేదన్నావు" అన్నాడు. "ఇసిరింది. పిలవకండా ఇసురుతాదేటి ఎవులైనా?"

నేను చెయ్యి చాపితే అతను పిడికిలి మూసేశాడు.

"ఎంతసేపు పిలిసింది?"

తెలియదన్నట్టు చేతులు తిప్పాను. అది మాత్రం నిజం. అతను నా చేతులకేసి చాలాసేపు చూశాడు. తర్వాత రెండో జేబులోంచి పెట్టెలు రెండూ తీసి గడప మీద పెట్టాడు. శుభ్రంగా తుడిచి, బ్యాటరీలు విప్పి, వేరే గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. "బేటరీలు లోపలుంటే తుప్పట్టేత్తాయి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలమంతా అతను నాతో మాట్లాడలేదు. నేను ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. బియ్యం, నూనె పెట్టి వచ్చేవాణ్ణి. తీసుకునేవాడు. మొహం చూసేవాడు కాదు. వినబడని మనిషి మొహం తిప్పుకుంటే ఇక అతనితో మాట్లాడే దారి ఏదీ ఉండదు. కల్లు కుండ దగ్గరికి మళ్లీ పోయాడు. ఆవుని అమ్మేశాడు. కాఫీపళ్లు చెట్ల మీదే నల్లబడి రాలుతుంటే నేనే మనుషుల్ని పెట్టి కోయించాను. నేను తెచ్చిన వస్తువు వల్ల వదిన పోయిందని ఊళ్లో ఎవరూ నా మొహం మీద అనలేదు. ఎవరో ఒకరు అంటే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.

చివరికి అడిగింది నేనే. క్రిస్మస్ దాటాక ఒక పగలు, అతను చూరు కింద కూర్చుని ఉంటే ఎదురుగా వెళ్లి కూర్చుని, బళ్లోంచి తెచ్చిన పలక మీద సుద్దతో రాసి చూపించాను. ‘నా వల్లే కదా?’ మా అన్న నాలుగో తరగతిదాకా చదివాడు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. పలక నా చేతిలోంచి తీసుకుని మోచేత్తో తుడిచేశాడు.

"నువ్వు తెచ్చినావు. నాను జేబులో ఎట్టుకున్నాను. మీ వదిన కూరకెల్లింది. ఇంకేటి సెప్పమంతావు?" అన్నాడు. పలక తిరిగి నా చేతికిచ్చి, "అబద్దం ఎందుకాడినావో అది సెప్పు" అన్నాడు.

రాయబోతే సుద్ద చేతిలో విరిగింది. నిన్ను కాపాడదామని అని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. నేనలా అన్నది నన్ను నేను కాపాడుకోవడానికి కూడా. చివరికి ‘భయం వేసింది’ అని రాశాను. అతను చదివి తలూపాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. ఆరోజు నాకు అంబలి పోసి ఇచ్చాడు.

వేసవి మళ్లీ వచ్చింది. నీళ్లు వెనక్కి పోవడం మొదలైన వారం అన్న నాకు కబురు పెట్టాడు. వెళ్లేసరికి మనిషెత్తు వెదురు గెడలు మోపుకట్టి వాకిట్లో ఉన్నాయి. ఒక్కో గెడ కొసకి సున్నం పూశాడు. గట్టుకి మోసుకెళ్లాం. అన్న నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చాడు. పొడవాటి గెడతో ముందు నేలని పొడుస్తూ, ఎక్కడ పెచ్చు గుచ్చుకుపోతుందో అక్కడ ఆగి, ఒకడుగు వెనక్కి వచ్చి ఒక గెడ పాతాడు. మళ్లీ పొడవడం, మళ్లీ పాతడం. తాడు నేను వదులు చెయ్యకూడదు, లాగకూడదు. మధ్యాహ్నానికి ఒడ్డమ్మట నలభై దాకా గెడలు నిలబడ్డాయి.

ఇద్దరు ఆడవాళ్లు నత్తలు ఏరుకోడానికి గిన్నెలతో వచ్చి నిలబడ్డారు. "ఎక్కడిదాకా ఎల్లొచ్చు మాస్టారూ?" అని అడిగారు. తెల్లకొసలు చూపించి వాటికి ఇవతలే ఉండమన్నాను.

అన్న ఒళ్లంతా బురదతో గట్టెక్కి వచ్చి, తాడు విప్పుకుంటూ నీళ్లకేసి చూశాడు. పొద్దున మేం వచ్చినప్పటికన్నా నీటి అంచు జానెడు వెనక్కి పోయి ఉంది.

"నాలుగు రోజులకి మల్లీ పాతాల" అన్నాడు. "గురువారం సెలవెట్టు."

గురువారం సెలవు పెట్టాను.